పాత కారు బ్రేకు సామాను: బండి పేరు చెప్పి కాదు, కొలత చెప్పి కొనండి

యాభై అరవై ఏళ్ళ కారుకి వీల్ సిలిండర్ (చక్రం దగ్గర బ్రేకు షూలను డ్రమ్ము మీదకి తోసేది) కావాలంటే అందరూ ముందు బండి పేరు, మోడల్ సంవత్సరం చెప్పి అడుగుతారు. దొరుకుతుంది కూడా. బిగించాక తెలుస్తుంది అసలు సంగతి. ఒకే మోడల్‌కి ఏడాది మధ్యలో సిలిండర్ సైజు మారిన బళ్ళు ఎన్నో ఉన్నాయి. పైగా ఇన్నేళ్ళలో అది ఎన్ని చేతులు మారిందో, వెనక యాక్సిల్ మొత్తంగా ఇంకే బండిది తెచ్చి వేశారో ఎవరికి తెలుసు? అందుకని ముందు విప్పండి, తుడవండి, కొలవండి. వెతకడం ఆ తర్వాత.

సిలిండర్ బాడీని వైర్ బ్రష్‌తో రుద్దితే పోతలోనే వేసిన అంకెలు బయటపడతాయి. వాటిని రాసుకోండి గానీ, వాటి మీదే ఆధారపడకండి. ఒకే పోతను రెండు మూడు బోర్లలో, అంటే వేర్వేరు లోపలి వ్యాసాల్లో, తొలిచి అమ్మిన సందర్భాలున్నాయి. వెర్నియర్ పెట్టి లోపలి వ్యాసం చూడండి. 3/4 అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు, 7/8 అంటే 22.2. బయటి నుంచి చూస్తే ఈ రెండూ ఒకేలా కనిపించవచ్చు, బ్యాక్ ప్లేట్ రంధ్రంలో రెండూ కూర్చోవచ్చు. కానీ పిస్టన్ వైశాల్యం 285 చదరపు మిల్లీమీటర్ల నుంచి 388కి పోతుంది. అంటే అదే ప్రెషర్‌కి షూ మీద తోపు 36 శాతం ఎక్కువ. ముందు చక్రాల్లో ఎడమదానికి ఒకటి, కుడిదానికి ఇంకొకటి పడితే బ్రేకు నొక్కిన ప్రతిసారీ బండి ఒక పక్కకి లాగేస్తుంది. పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండర్‌లో బోరు పెరిగితే ఇంకో తంటా: పెడల్ పైనే ఆగిపోయి గట్టిగా ఉంటుంది, ఎంత తొక్కినా బండి ఆగనట్టే అనిపిస్తుంది.

ఇక మరలు. పైపు నట్టు 3/8 అంగుళం యూఎన్ఎఫ్ (అంగుళాల కొలతలో సన్న మర) అయితే బయటి వ్యాసం 9.5 మిల్లీమీటర్లు, అంగుళానికి 24 చుట్లు. మెట్రిక్ ఎం10 అయితే 10 మిల్లీమీటర్లు, చుట్టుకి చుట్టుకి మధ్య 1 మిల్లీమీటరు. తేడా ఇంత తక్కువ కాబట్టే ప్రమాదం. అంగుళాల నట్టు మెట్రిక్ రంధ్రంలోకి లూజుగా ఎక్కేస్తుంది, బిగిసినట్టే ఉంటుంది, గట్టిగా బ్రేకు వేసినరోజు మర కొట్టుకుపోతుంది. వేలితో తిప్పినప్పుడు పక్కలకి ఊగితే అక్కడే ఆపేయండి. పైపు కొస కూడా చూడండి: కొన్ని గరాటులా విచ్చుకుని ఉంటాయి, కొన్ని పుట్టగొడుగులా ఉబ్బి ఉంటాయి. ఒకదాని సీటులో ఇంకొకటి కూర్చోదు, ఎంత బిగించినా కారుతుంది.

దశాబ్దాల నాటి సీలు తీయని పెట్టె దొరికితే ఆశ పుడుతుంది. అందులోని ఇనుము వాడుకోండి, రబ్బరు మాత్రం వాడకండి. కప్పులు (పిస్టన్ దగ్గర ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీళ్ళు), డస్ట్ బూట్లు, హోస్ పైపులు పెట్టెలో ఉన్నా గట్టిపడతాయి. బాడీకి కొత్త రబ్బరు కిట్ వేస్తే సరిపోతుంది.

కొత్త బాడీ దొరక్కపోతే పాతది పనికొస్తుంది. లోపల సన్నటి మచ్చలే అయితే హోనింగ్ (సాన రాళ్ళతో లోపలి గోడని సన్నగా రుద్దడం) చాలు. గోరు తగిలితే ఆగేంత గుంట ఉంటే హోనింగ్ మాట మర్చిపోయి, లేత్ మీద పెద్దది చేయించి స్టెయిన్‌లెస్ లేదా ఇత్తడి స్లీవ్ (లోపల దిగగొట్టే గొట్టం) వేయించండి. స్లీవ్ లోపలి వ్యాసం అసలు సైజుకే రావాలి. మాస్టర్ సిలిండర్ అయితే ఆయిల్ తిరిగి డబ్బాలోకి వెళ్ళే సన్న రంధ్రాన్ని స్లీవ్‌లో కూడా తొలవాలి, లోపలి అంచుకి గరుకు లేకుండా తీయాలి. లేకపోతే కొత్త కప్పు కొద్ది రోజుల్లోనే కోసుకుపోతుంది.

షూలు దొరకవని దిగులు వద్దు, పాత షూలకే కొత్త లైనర్ (డ్రమ్ముకి రాసుకునే పట్టీ) వేయించవచ్చు. డ్రమ్ముని లేత్ మీద తొలిపించి ఉంటే లైనర్‌ని ఆ కొత్త వంపుకి రాయించాలి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఆ దుమ్ముని గాలితో ఊదకండి, తడి గుడ్డతో తుడవండి.

సామాను కొనేముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోవడం కూడా ముఖ్యం. పెడల్ వదిలినా చక్రం పట్టేసి ఉందా? జాకీ ఎత్తి, ఆ చక్రం బ్లీడర్ నిప్పల్ (సిలిండర్‌లోని గాలిని, ఆయిల్‌ని బయటికి వదిలే చిన్న మర) కొంచెం తెరవండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలితే లోపల ప్రెషర్ నిలిచిపోయిందన్నమాట. మళ్ళీ తొక్కి, ఈసారి మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు వదులు చేయండి. అక్కడ వదిలితే తప్పు మాస్టర్‌ది, లేదా పెడల్ నుంచి మాస్టర్‌ని తోసే పుష్ రాడ్‌కి సందు లేదు. అక్కడ వదలక, నిప్పల్ దగ్గరే వదిలితే హోస్ పైపు లోపల ఉబ్బి మూసుకుపోయింది. పైకి అది కొత్తదానిలా మెరుస్తూ ఉండొచ్చు. అసలు నిప్పల్ తెరిచినా వదలకపోతే అప్పుడు సిలిండర్, షూలు, హ్యాండ్ బ్రేకు కేబుల్ చూడాలి.

మనం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ, డబ్బా మీద డాట్ 3, డాట్ 4 అని ఉండే బ్రేకు ద్రవాలు నూనెలు కావు. ఆ పేరు చూసి కప్పులకి ఇంజన్ ఆయిలో మామూలు గ్రీజో రాస్తే రబ్బరు ఉబ్బి పిస్టన్ ఇరుక్కుంటుంది. బిగించేటప్పుడు బ్రేక్ ఆయిలే రాయండి. డాట్ 5 సిలికాన్ రకం, వాటితో కలపకూడదు. డాట్ 5.1 పేరు దగ్గరగా ఉన్నా డాట్ 4 జాతిదే. ఫ్రెంచి కారు సిట్రోయెన్ డీఎస్‌ది మళ్ళీ వేరే లోకం: 1966లో అది ఆకుపచ్చ మినరల్ ఆయిల్‌కి మారింది. అంతకుముందు భాగాలకి నల్ల రంగు, తర్వాతి వాటికి ఆకుపచ్చ. ఒకదాని రబ్బరు ఇంకోదాని ఆయిల్‌లో బతకదు.

దూరం నుంచి తెప్పించేటప్పుడు అమ్మేవారిని మూడు ఫొటోలు అడగండి: బోరులో వెర్నియర్ పెట్టి ఒకటి, పోత అంకెలు కనిపించేలా ఒకటి, పైపు ఎక్కే రంధ్రం దగ్గరగా ఒకటి. కొత్తది బిగించాక పాత బాడీని పారేయకండి. లోపల ఆయిల్ పూసి, ఏ చక్రానిదో, బోరు ఎంతో చీటీ కట్టి దాచండి. ఈసారి స్లీవ్ వేయించాల్సింది దానికే కావచ్చు.