నీరు ఎప్పటి నుంచి పోతోందమ్మా?

అప్పటికి మా చెల్లికి 31 వారాలు, పురిటికని ముమ్మిడివరం దగ్గర మా ఊరొచ్చి ఉంది. ఓ రాత్రి చాప తడిసిందని లేచింది, అమ్మేమో ఎనిమిదో నెల్లో మూత్రం ఆగదే, నాకూ అంతే అని పాత పంచె ముక్క మడిచిచ్చి పడుకోమంది. తెల్లారేసరికి మూడు ముక్కలు తడిశాయి, వాసన చూస్తే మూత్రంలా లేదు. అప్పుడైనా ఆసుపత్రికెళ్ళామా అంటే లేదండి, వీధి చివర ఆర్‌ఎంపీ గారి దగ్గరికెళ్ళాం, ఆయన ఇన్ఫెక్షన్ రాకుండా అని అమాక్సిసిలిన్ క్లావులనేట్ స్ట్రిప్పు ఒకటి చేతిలో పెట్టారు, చెల్లి ఓ మాత్ర వేసేసుకుంది కూడా.

సాయంత్రానికీ ఆగకపోతే భయమేసి కారు మాట్లాడుకుని ఎదురులంక వంతెన దాటి యానాం మీదుగా కాకినాడ పోయాం. డాక్టరమ్మ మొదట అడిగింది ఎప్పటి నుంచి పోతోంది అని. నేను పదకొండంటాను, అమ్మ తెల్లారుజామంటుంది. నొప్పులు లేవుగా, వేలు పెట్టి చూస్తే క్రిములు లోపలికెళ్తాయని స్పెక్యులం అని లోపలికి చూసే పరికరం పెట్టి, దగ్గమ్మా అంది, దగ్గగానే ఉమ్మనీరు సన్నగా జారిందట.

ఇక ఆలస్యం లేదు. ఆంపిసిలిన్, ఎరిత్రోమైసిన్ అని రెండు యాంటీబయాటిక్‌లు ఆరు గంటలకోసారి నరానికి, రెండు రోజులయ్యాక మాత్రలు, అన్నీ కలిపి 7 రోజులు. బిడ్డ ఊపిరితిత్తులకి డెక్సామెథసోన్ 6 మి.గ్రా. చొప్పున 12 గంటలకోటి, 4 ఇంజెక్షన్లు. చిరిగిన ఉమ్మనీటి సంచి ఈ మందులతో అతుక్కోదటండి, ఇన్ఫెక్షన్ పైకి పాకి నొప్పులు తెప్పించకుండా నాలుగు రోజులు కలిసొస్తాయంతే, ఆ నాలుగు రోజులే ఆ బిడ్డకి గొప్ప.

స్ట్రిప్పు చూపిస్తే ఆవిడ మొహం మారిపోయింది. ఇంటికొచ్చాక చదివితే అర్థమైంది, 2001లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒరాకిల్ అనే ట్రయల్‌లో నీరు పోయినవాళ్ళకి ఎరిత్రోమైసిన్ ఇస్తే మేలు కనిపించింది, క్లావులనేట్ కలిసిన మందు వాడితే మాత్రం పిల్లల్లో పేగు దెబ్బతినే జబ్బు ఎక్కువొచ్చింది, నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్ అంటారు. దాని జోడు ట్రయల్ ఇంకోటుంది, సంచి పగలకుండా ఉత్త నొప్పులొచ్చినవాళ్ళకి ఇవే ఇచ్చారు, లాభం లేకపోగా 7 ఏళ్ళకి చూస్తే ఆ పిల్లల్లో సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కాళ్ళూ చేతులూ సరిగ్గా స్వాధీనంలో లేకపోవడం, ఎక్కువగా ఉంది. అందుకే ఆవిడ ముందు నీరేనా అని తేల్చుకుని, తేలిన గంటలోనే మొదలెట్టింది. మేం సరిగ్గా దానికి రివర్సు చేశాం, తేలకముందే మాత్ర మింగించి, తేల్చుకోడానికి రోజంతా తగలేశాం.

తొమ్మిదో రోజు నొప్పులొచ్చి మగపిల్లాడు పుట్టాడు, గాజుపెట్టెలో మూడు వారాలున్నాడు. స్ట్రిప్పు ఇంకా మా టీవీ స్టాండు సొరుగులోనే ఉంది, ఒక మాత్ర తక్కువ.