ధృతరాష్ట్రుడు రాసి చూశాకే కొన్నాను

మా నాన్న దస్తావేజు లేఖరి. రామచంద్రపురంలో రిజిస్ట్రారాఫీసు ఎదురుగా రేకుల పంచలో వాలుబల్ల వేసుకుని కూర్చునేవారు. గట్టి రబ్బరుతో చేసే రాజమండ్రి ఎబొనైట్ పెన్ను, సీసాలో బ్లూబ్లాక్ ఇంకు, జేబుకి ఎప్పుడూ వదలని ఓ నీలం మచ్చ. సెలవు రోజుల్లో ఆ పెన్ను ఒక్కసారి ఇమ్మని ప్రాణం తీసేదాన్ని. ఇచ్చేవారు కానీ, "ఒత్తి రాయకే, పాళీ విచ్చుకుపోద్ది" అని అనకుండా ఏనాడూ ఇవ్వలేదు.

అలాంటి మనిషి కూతురిని, వచ్చే ఏడాది రిటైరవబోతూ, ఒత్తితే విచ్చుకోవడమే పనిగా ఉన్న పాళీ కోసం పీఆర్సీ ఎరియర్స్‌లోంచి పాతికవేలు పక్కన పెట్టాను. ఆయనుంటే ఏమనేవారో ఊహించుకుంటూనే ఇది రాస్తున్నాను.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. మామూలు ఇంకుపెన్ను గీత మొదటినుంచీ చివరిదాకా ఒకటే లావు. ఫ్లెక్స్ పాళీ అలా కాదు. నొక్కితే చీలికకి అటూ ఇటూ ఉన్న రెండు ముక్కలూ విడిపోయి గీత లావవుతుంది, చెయ్యి తేలిక చేస్తే మళ్లీ దగ్గరకొచ్చి వెంట్రుకంత సన్నబడుతుంది. ఇంగ్లీషువాళ్ల కాపర్‌ప్లేట్ రాత ఉంది చూశారూ, కిందికి దిగే గీత లావుగా, పైకెళ్లే గీత సన్నగా, దానికి సరిగ్గా సరిపోతుంది. ఇంటర్నెట్లో వీడియోలన్నీ ఆ రాతే. నేను తెలుగు లెక్చరర్ని. నాకెందుకు కాపర్‌ప్లేట్? మన అక్షరాలు తాటాకు మీద గంటంతో పెరిగినవి, గంటానికి లావూ సన్నం తెలియవు. ఈ పాళీ మన గుండ్రాలకి పనికొస్తుందా లేదా అన్నదే నా అనుమానం. ఏ వీడియోలోనూ దానికి జవాబు దొరకలేదు.

అంతకుముందు ఒక దెబ్బ తిన్నాను, అదీ చెప్పేస్తాను. మూడేళ్ల క్రితం ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర పాత అమెరికన్ పెన్ను తెప్పించాను. ఫొటోల్లో బంగారు పాళీ ధగధగలాడింది. వచ్చాక రెండు రోజులు బ్రహ్మాండంగా రాసింది. మూడోరోజు ఎంత తుడిచినా పాళీ పైన, చీలిక పక్కన, ఇంకు ఊరుతూనే ఉంది. మా ఆయన బీరువాలోంచి భూతద్దం తెచ్చి చూపించారు. చీలిక మొదట్లో ఉండే చిన్న కన్నం దగ్గర్నుంచి పక్కకి మరో పగులు, తల వెంట్రుక కన్నా సన్నంగా. అమ్మినాయన "మీరే ఒత్తి రాసి ఉంటారు" అన్నాడు. ఫ్లెక్స్ పెన్ను అమ్మి ఒత్తావంటాడేమిటండీ! డబ్బు మాత్రం రాలేదు. అప్పట్నుంచీ చేతిలోకి తీసుకుని రాసి చూడనిదే కొనకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ ఒట్టు వల్లే పద్మారావునగర్లో ఓ డాక్టరుగారింట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం పెన్నుల పిచ్చి ఉన్న నలుగురం కూర్చున్నాం. డాక్టరుగారు, ఒక రిటైరైన రైల్వే గార్డుగారు, ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు, నేను. డైనింగ్ టేబుల్ మీద పాత బెడ్‌షీటు పరిచి, నీళ్ల గ్లాసులు, టిష్యూలు పెట్టుకున్నాం. ముగ్గురు మగవాళ్లూ ప్రతి పెన్నుతోనూ ఇంగ్లీషులో "మినిమమ్" అని రాస్తున్నారు. అన్నీ నిలువు గీతలే కాబట్టి అది అలవాటైన పరీక్ష. నేను మాత్రం "ధృతరాష్ట్రుడు" అని రాశాను.

నవ్వారు కానీ ఆ మాటలో లేనిదేముంది చెప్పండి. ధ కింద పొట్టి నిలువు గీత, దాని పక్కన వట్రసుడి, త మీద తలకట్టు, రా దీర్ఘం, ష కింద ట వత్తు, దానికో ర వత్తు, పైన కొమ్ము. పాళీకి తెలుగులో ఎన్ని అగచాట్లున్నాయో అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

మొదట డాక్టరుగారి మోంట్‌బ్లాంక్ 149 క్యాలిగ్రఫీ. 2019లో వచ్చిన మోడల్ అది, పాత 149 ఒంటికి వంగే పాళీ పెట్టారు. రాత గురించి వంక పెట్టడానికి లేదు. కానీ లావు! నా చేతికి అది పెన్నులా లేదు, చపాతీ కర్రలా ఉంది. ధర లక్ష దాటింది. మా ఆయనకి చెబితే "స్కూటీ వస్తుంది" అన్నారు. అక్కడితో దాని సంగతి అయిపోయింది.

తర్వాత సాఫ్ట్‌వేర్ అబ్బాయి పెలికాన్ ఎమ్1000. దీని దగ్గర ఒక విషయం నేర్చుకున్నాను, డబ్బు పెట్టబోయేవాళ్లందరికీ అవసరమైనది. మెత్తగా ఉండటం వేరు, వంగడం వేరు. ఎమ్1000 పాళీ పెద్దది, 18 క్యారెట్లు, రాస్తుంటే పరుపు మీద నడిచినట్టుంటుంది. అయితే నొక్కితే మొత్తం పాళీ కిందికి ఊగుతుంది గానీ గీత అంత లావు కాదు. పైగా మామూలుగానే ఇంకు ధారాళంగా వదుల్తుంది. నా ధృతరాష్ట్రుడి ట వత్తు కన్నం పూడుకుపోయింది. అక్కడ తెలిసింది, తెలుగు రాసేవాళ్లు పాళీ ఎంత లావుగా విచ్చుకుంటుందో చూడటం కాదు, నొక్కకపోతే ఎంత సన్నగా రాస్తుందో ముందు చూడాలి. ఇంగ్లీషు అక్షరాల్లో ఖాళీ చాలా ఉంటుంది. మన వత్తుల్లో ఆవగింజంత.

18 క్యారెట్లంటే గుర్తొచ్చింది. మనవాళ్లకి బంగారం అనగానే 916 తప్ప ఆనదు. పెన్ను పాళీల మీద చాలావాటికి 585 అనుంటుంది, అంటే 14 క్యారెట్లు. మా అత్తగారు చూసి "ఇందులో బంగారమేముందే?" అన్నారు. నిజానికి పాళీకి అంతకన్నా స్వచ్ఛమైన బంగారం మంచిదేం కాదు. వంగితే చాలదు, వంగింది వెంటనే తిరిగి రావాలి. స్వచ్ఛత పెరిగేకొద్దీ మెత్తనవుతుంది, వంగింది వంగినట్టే ఉండిపోయే ప్రమాదమూ పెరుగుతుంది. అసలు ఫ్లెక్సంతా క్యారెట్లలో లేదు, రేకు ఎంత పల్చగా సాగదీశారు, చీలిక ఎంత పొడుగు, భుజాలు ఎంత కోశారు అన్నదాంట్లో ఉంది. కాగితాన్ని తాకే మొన అయితే బంగారమే కాదు, అరిగిపోకుండా అతికించిన గట్టి లోహం.

ఆ రోజు అందరికన్నా బాగా రాసింది అన్నిటికన్నా పాతది. గార్డుగారి వాటర్‌మన్ 52. వందేళ్ల నాటి పెన్ను, నల్ల ఎబొనైట్ ఒళ్లు ఎండకి గోధుమరంగు తిరిగింది, పక్కన ఇంకు నింపుకునే చిన్న మీట. లోపలి రబ్బరు సంచీ ఎండిపోతే ఆయనే కొత్తది వేశారట. పాళీ కాగితానికి ఆనించి చూపుడువేలు కాస్త బరువు చేశానో లేదో, తడిసిన పూరేకులా విచ్చుకుంది. చెయ్యి తీస్తే టక్కున మూసుకుంది. ఇప్పటి పెన్నులకి ఇది ఎందుకు రాదని అడిగాను. "అప్పట్లో అలా రాయడం బళ్లో నేర్పేవారండీ. తర్వాత కార్బన్ కాపీలొచ్చాయి, గట్టి పాళీలు కావాల్సొచ్చాయి, ఆపైన బాల్‌పెన్ను వచ్చి అందరికీ గుద్ది రాయడం అలవాటు చేసింది" అన్నారు. మా నాన్న కూడా నకలు కోసం కార్బన్ పెట్టిన రోజు రాజమండ్రి పెన్ను జేబులో పెట్టేసి బాల్‌పెన్నే తీసేవారు.

గార్డుగారు అది ఇచ్చేయమన్నా ఇచ్చేవారేమో, నేనే అడగలేదు. వందేళ్ల పాళీ నా చేతిలో విరిగితే ఆ పాపం మొయ్యలేను. పాతవి కొనాలనుకునేవాళ్లు రాసి చూడటంతో ఆగకుండా భూతద్దం కూడా వెంట తీసుకెళ్లండి. గోటి మీద నొక్కి చూపించే అమ్మకందారు దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. పాళీలు పగిలేది అక్కడే.

చివరికి నా మనసు నిలిచింది పైలట్ కస్టమ్ 743 మీద, ఎఫ్ఏ (అంటే ఫాల్కన్) పాళీ. అది కూడా ఆ సాఫ్ట్‌వేర్ అబ్బాయిదే. భుజాల దగ్గర అటొకటీ ఇటొకటీ చంద్రవంకల్లా కోసేసి ఉంటుంది, చూడగానే గుర్తుపట్టొచ్చు. అదే కంపెనీ ఫాల్కన్ అని వేరే పెన్ను కూడా అమ్ముతుంది, పాళీ ముక్కు కిందికి వంగి ఉంటుంది. పేర్ల గందరగోళంలో అది కొని ఇది అనుకునేవాళ్లున్నారు, జాగ్రత్త. 743 ఒళ్లు నా చేతిలో ఇమిడింది. నొక్కకుండా రాస్తే ట వత్తు కన్నం తెరుచుకునే ఉంది. తలకట్టు మొదట్లో చిన్న దిగుడు లావుగా పడి, పైకి లేచే గీత సన్నంగా సాగింది. మరి ధ కింద గీత? ఒత్తు దగ్గర ఒత్తాలి, అంతే. ముప్ఫై మూడేళ్లుగా పిల్లలకి "ఒత్తు ధ, ఒత్తు భ" అని చెబుతున్నాను, ఆ మాట చేతివేలికి తెలిసింది మాత్రం ఆ మధ్యాహ్నమే.

మన రాతలో ఒక చిక్కుంది. గుండ్రాలు చుట్టేటప్పుడు చెయ్యి సగం దూరం పైకి వెళ్తూ ఉంటుంది. పైకి తోసేటప్పుడు పిసరంత నొక్కు ఉన్నా పాళీ కాగితం పీచుని పట్టుకుని, వదిలేటప్పుడు ఇంకు తుంపర్లు చిమ్ముతుంది. నా తెల్లచీర అంచు మీద ఇప్పటికీ ఆ చుక్కలున్నాయి. కాబట్టి ర, ఠ లాంటి వాటిలో దిగే వైపు మాత్రమే బరువు, ఎక్కే వైపు ఊపిరి బిగబట్టినట్టు రాయాలి. వారం రోజులు పడుతుంది అలవాటవడానికి.

కొనడం మా అమ్మాయి ద్వారా. యొకొహామాలో ఉద్యోగం దానికి. ఒక శనివారం టోక్యో గింజాలో ఇతోయా అనే స్టేషనరీ కొట్టుకెళ్లింది, బయట ఎర్రటి పేపర్ క్లిప్పు బొమ్మ వేలాడుతుంటుందే, అక్కడికి. వీడియో కాల్ చేసి, "అమ్మా, ఇంకులో ముంచి రాసి చూడమంటున్నారు, ఏం రాయను?" అంది.

"ధృతరాష్ట్రుడు."

"అమ్మా, నాకు వట్రసుడి ఎప్పుడు వచ్చిందనీ!"

దృతరాష్ట్రుడు అని ఒత్తు లేకుండా రాసింది. మళ్లీ రాయించాను. కౌంటరావిడ ఆ అక్షరాలని చూసి ఏదో అడిగింది, మా అమ్మాయి జపనీస్‌లో ఏదో చెప్పింది. మహాభారతం మొత్తం చెప్పి ఉండదని ఆశ. అక్కడ నివాసం ఉంటోంది కాబట్టి టూరిస్టుల్లా పన్ను మినహాయింపు రాదు, పది శాతం కట్టాల్సిందే. అంతా కలిపినా నా పాతికవేల లెక్క పెద్దగా దాటలేదు. కొరియర్‌లో పంపితే ఇక్కడ కస్టమ్స్‌తో మళ్లీ తలనొప్పని, సంక్రాంతికి వస్తూ తనే తెచ్చింది.

లోపాలు చెప్పకపోతే అబద్ధమాడినట్టే. వరసగా నాలుగైదు చోట్ల గట్టిగా నొక్కితే ఇంకు అందదు, గీత మధ్యలో ఖాళీ అయిపోయి రెండంచులు మాత్రం మిగుల్తాయి. గార్డుగారు చూసి "మా పట్టాలు వచ్చేశాయండీ" అన్నారు. పాళీ కింద ఇంకు అందించే ఫీడ్ ప్లాస్టిక్‌ది కావడం ఒక కారణం. ఎబొనైట్ ఫీడ్ అయితే ఇంకుని బాగా పట్టి ఉంచుతుంది, కొందరు విడిగా కొని మార్చుకుంటారు. నేను మార్చలేదు, నెమ్మదిగా రాయడం నేర్చుకున్నాను. జారుడుగా ఉండే ఇంకు పోస్తే సగం బాధ తీరుతుంది. కాగితం ఇంకో గొడవ. మా కాలేజీ అటెండెన్స్ రిజిస్టరు మీద సంతకం పెడితే సాలీడు నడిచినట్టు పాకింది. మంచి బాండ్ పేపరు మీదైతే సరే. నొక్కి రాసేకొద్దీ ఇంకు తాగేస్తుంది, ఎనిమిదో పేజీకే గొట్టం ఖాళీ.

అంత పెట్టలేనివాళ్లకి, అసలు ఇది తమ చేతికి సరిపడుతుందో లేదో తెలియనివాళ్లకి నూడ్లర్స్ ఆహాబ్ ఉంది. స్టీలు పాళీ, ధర పదో వంతు. వాసన భరించాలి, ప్లాస్టిక్ కంపు నెలల తరబడి వదలదు. నొక్కు కూడా గట్టిగా కావాలి, వేలు నొప్పెడుతుంది. అయినా దానితో ఓ నెల రాసి, అప్పటికీ మోజు తీరకపోతే అప్పుడు పర్సు తీయండి. ప్లాటినమ్ 3776 లో సాఫ్ట్ ఫైన్ పాళీ కూడా చూశాను. బాగుంది, సన్నగా, పొందిగ్గా. అంతగా వంగదు. రోజూ నోట్సు రాసుకునేవాళ్లకి 743 కన్నా అదే నయం.

నాన్న పెన్ను ఇంకా నా దగ్గరుంది. రాజమండ్రిలో రత్నంగారు స్వదేశీ పెన్ను చేసి పంపితే గాంధీగారు 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం రాశారన్న కథ నాన్న ఎన్నిసార్లు చెప్పేవారో. ఆయన పెన్ను ఆ కొట్టులోదో, పక్క వీధిలోదో నేనడగలేదు, మూత మీద అచ్చు అరిగిపోయింది. ఇప్పుడు రెండూ ఒకే డబ్బాలో పెడుతున్నాను. నాన్నదానితో ధృతరాష్ట్రుడు రాస్తే మొదట్నుంచీ చివరిదాకా ఒకటే లావు, వంక పెట్టడానికి లేని దస్తావేజు రాత.

నిన్న పొద్దున అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ చెక్కు మీద సంతకానికి మా ఆయన డబ్బాలో చెయ్యి పెట్టి 743 తీశారు. వంటింట్లోంచి చూసి కేకేశాను.

"ఒత్తి రాయకండీ, పాళీ విచ్చుకుపోతుంది!"

పెన్ను గాల్లోనే ఆపి నా వైపు చూశారు. "విచ్చుకోవడానికేగా పాతికవేలు పోశావు?"