బీడులో మొక్కలు వద్దని చెప్పిన రోజు

శనివారం, రాత్రి 9:30

పొద్దున నేను స్కూల్‌కి వెళ్ళేసరికే నర్సరీ ట్రాక్టర్ వచ్చి ఉంది. కానుగ, వేప, నిద్రగన్నేరు, కొన్ని నేరేడు. ఎవరు ఎన్ని నాటాలో పిల్లలు అప్పుడే వాటాలు వేసుకుంటున్నారు. గుట్ట కింద బీడులో నాటాలని పైనుంచి వచ్చిన కాగితంలో ఉంది. ఉపాధి హామీ వాళ్ళు పోయిన వారమే అక్కడ వరసగా గుంతలు తీసిపెట్టారు.

ఆ బీడులో నాటొద్దని హెడ్ మాస్టర్ గారికి ఈరోజు చెప్పాలని నిన్న రాత్రే అనుకున్నాను. సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు. మొక్కలు వద్దని సైన్స్ టీచరే అంటే ఎవరైనా ఏమనుకుంటారు? అయినా చెప్పాలి. ఆయనకి నేను నోటితో చెప్పేదానికన్నా, అక్కడ ఏముందో పిల్లలు రాసిన కాగితం చూపిస్తే మేలనిపించింది. ప్రేయర్ కాగానే తొమ్మిదో తరగతిని తీసుకుని బీడుకి బయల్దేరాను.

వాన పడి నాలుగు రోజులే అయింది, గడ్డి అప్పుడే పచ్చబడుతోంది. దూరం నుంచి చూస్తే అక్కడేమీ ఉన్నట్టు కనబడదు. మోకాళ్ళ ఎత్తు బోదగడ్డి, అక్కడక్కడ తంగేడు, రేగు, బలుసు పొదలు, మధ్యమధ్య రాళ్ళు. పది నిమిషాలు కదలకుండా కూర్చుని, కనబడినదల్లా రాయమన్నాను. పూరేడు పిట్టలు, తీతువు, ఒక ఉడుము, కుందేలు పెంటికలు, పేడపురుగులు, మిడతలు లెక్కలేనన్ని. తీతువు తలమీదే తిరుగుతూ ఒకటే అరుపు. గూడు దగ్గర్లోనే ఉండుంటుందని పిల్లల్ని పక్కకి జరిపాను. అది నేల మీదే గుడ్లు పెడుతుంది. తీసిన గుంతల్లో ఇలాంటి గూళ్ళు ఎన్ని పోయాయో ఎవరూ చూసి ఉండరు.

అప్పుడే ఒకడు "మేడమ్, తొండ గొంతులోంచి విసనకర్ర తీస్తాంది!" అని కేకేశాడు. అరచేతిలో పట్టేంత చిన్న తొండ. రాయెక్కి నిలబడి, గొంతు కింది చర్మాన్ని విప్పుతోంది, ముడుస్తోంది, మళ్ళీ విప్పుతోంది. మగది. ఆడదాన్ని పిలవడానికీ, ఇంకో మగది తన రాయి దగ్గరకి రాకుండా బెదిరించడానికీ అట్లా చేస్తుంది. వాటి సీజన్ అయిపోవస్తోంది, ఈరోజు కనబడటం మా అదృష్టం. పిల్లలందరూ చుట్టూ చేరినా అది రాయి దిగలేదు.

దీని గురించి చెప్పాలని నాకు ఎప్పటినుంచో ఆశ. ఈ తొండల్ని సీతానా అంటారు. వీటి చుట్టాలైన కొన్నింటిని విడిగా సారదా అనే కొత్త ప్రజాతిగా (దగ్గరి జాతుల గుంపుగా) 2016లో గుర్తించారు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ (ఐఐఎస్‌సీ) శాస్త్రవేత్తలు ప్రవీణ్ కారంత్, దీపక్ 2018లో వీటి డీఎన్ఏ పోల్చి వంశవృక్షం గీశారు. మన ఉపఖండంలో వాతావరణం ఎండుతూ, అడవి పలచబడి బయలు నేలలు పెరిగిన కొద్దీ ఈ తొండలు ఒక జాతి నుంచి అనేక జాతులుగా విడిపోయాయని వాళ్ళు తేల్చారు. హిమాలయాల కింద శివాలిక్ కొండల పాత మట్టిని పరీక్షిస్తే, ఎండని తట్టుకునే రకం గడ్డి అక్కడ సుమారు 70-80 లక్షల ఏళ్ళ కింద విస్తరించిందని తెలిసింది. అంటే ఈ రాయి మీది తొండ ఎవరో అడవి నరికేశాక వచ్చి చేరినది కాదు. మనిషి పుట్టకముందు నుంచే ఇట్లాంటి నేలకి అలవాటుపడిన వంశం. దానికి ఎండ తగిలే రాయి కావాలి, పరుగెత్తడానికి ఖాళీ నేల కావాలి, కొంచెం దూరం నుంచి కూడా దాని విసనకర్ర ఇంకో తొండకి కనబడాలి. నీడ కమ్మేస్తే ఇవేవీ ఉండవు.

ఇదంతా పిల్లలకి చెబుతుంటే గొర్రెల మందతో ఒక తాత వచ్చాడు. గుంతల్ని చూసి ఆయనకి మండిపోతోంది. "టీచరమ్మా, ఈడ చెట్లు పెట్టి కంచె ఏస్తే మా గొర్రెలు యాడికి పోవాల? పొలాలకి పోనీరు, అడివికి పోనీరు" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఈ బీడులో మేసిన మందే ఎండాకాలం రాత్రుళ్ళు రైతుల చేలల్లో పడుకుని ఎరువేస్తుంది. గడ్డి పోతే ఆ చేలకి ఎరువు కూడా పోతుంది.

తాత చిన్నప్పుడు ఇక్కడే బట్టమేక పిట్టని చూశాడట. ఎంత ఉంటుందని పిల్లలు అడిగితే, చెయ్యి తన నడుము దాకా ఎత్తి చూపించాడు. నిజమే, అది మీటరు దాకా ఎత్తు ఉంటుంది. మగది 15 కిలోలు కూడా తూగుతుంది. మా పక్కనే నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలో రోళ్ళపాడు ఉంది. ఆ పిట్ట కోసమే 1988లో 614 హెక్టార్లని అభయారణ్యం చేశారు. 1980ల్లో బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు అక్కడే ఉండి దాని బతుకంతా రాశారు. ఇప్పుడు రోళ్ళపాడులో అది కనబడటం లేదు. కంచె లోపల గడ్డి ఉంది, కానీ ఆ పిట్ట కంచె లోపలే బతికేది కాదు. చుట్టూ ఉన్న మెట్ట చేలల్లో, బీళ్ళల్లో తిరిగి మిడతలు, గింజలు ఏరుకునేది. కాలువ నీళ్ళు వచ్చాయి, పంటలు మారాయి, బీళ్ళు తగ్గాయి. ఏడాదికి సాధారణంగా ఒక్క గుడ్డే పెట్టే పిట్ట, ఎక్కడికని పోతుంది? దేశం మొత్తం మీద 150 లోపే మిగిలాయి. అవీ ఎక్కువగా రాజస్థాన్‌లో జైసల్మేర్ వైపే. అక్కడా కరెంటు తీగలకి తగిలి చస్తున్నాయి. ఎగిరేటప్పుడు దానికి ఎదురుగా ఉన్నది సరిగా కనబడదు, బరువు వల్ల చివరి క్షణంలో పక్కకి తిరగలేదు. 2024లో కృత్రిమ గర్భధారణతో అక్కడ ఒక పిల్ల పుట్టిందని చదివినప్పుడు స్టాఫ్ రూమ్‌లో అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. పిట్ట పిల్లల్ని పెంపక కేంద్రంలో పుట్టించగలరు సరే, వదలడానికి గడ్డినేల ఉండాలి కదా. రోళ్ళపాడు గుర్తొచ్చిన ప్రతిసారీ ఇదే ఆలోచన.

అదే రోళ్ళపాడులో కృష్ణజింకలు మాత్రం బాగా పెరిగాయి. చుట్టుపక్కల రైతులు వాటితో పడే బాధ కూడా చిన్నది కాదు. రాత్రంతా చేను కాపలా కాసి పొద్దున క్లాసులో నిద్రపోయే పిల్లలు నాకు తెలుసు. ఆ రైతులకి పరిహారం వెంటనే అందాలి. ఆ సంగతి మాట్లాడకుండా బీడు గురించి మాట్లాడటం న్యాయం కాదు.

పదకొండు గంటలకి హెడ్ మాస్టర్ గారి గదికి వెళ్ళాను. ఆయన మంచి మనిషి, ఓపిగ్గా విన్నారు. "మేడమ్, ఖాళీ జాగాలో కాకపోతే చెట్లు ఇంకెక్కడ పెడతాం?" అన్నారు. పిల్లల కాగితాలు ఆయన ముందు పెట్టి, ఫోన్‌లో మ్యాప్ తెరిచి చూపించాను. ఎం.డి. మధుసూదన్, అబి వనక్ అనే శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాలతో తయారుచేసి 2022లో ప్రచురించిన మ్యాప్ అది, ఎవరైనా చూడొచ్చు. మన దేశంలో ఇట్లాంటి బయలు నేలలు దాదాపు పదో వంతు ఉన్నాయి. వాటిలో ఐదు శాతం కూడా అభయారణ్యాల్లో లేవు. ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్‌సీ) సాయంతో కేంద్రం వేసే వేస్ట్‌ల్యాండ్ అట్లాస్‌లో ఈ నేలల్లో చాలావరకు పనికిరానివిగా లెక్కలోకి వెళ్ళాయి. అట్లా లెక్కలోకి వెళ్ళాక ముందు వాటి మీదే చెయ్యి పడుతుంది. గని, శకునాల అనే ఊళ్ళ దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. సోలార్ కరెంటు కావాలి, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఏ నేలలో పలకలు పెట్టాలి, ఏ నేలని వదలాలి అన్నది జీవశాస్త్రం తెలిసినవాళ్ళని కూడా కూర్చోబెట్టి తేల్చాలి.

"చెట్లు గాలిలోంచి పీల్చుకునే కార్బన్ సంగతేంటి మరి?" అని సార్ అడిగారు. మంచి ప్రశ్న. గడ్డి తన కార్బన్‌లో ఎక్కువ భాగాన్ని వేళ్ళలో, మట్టిలో దాచుకుంటుంది. పైన నిప్పంటుకుని కాలిపోయినా కిందది మిగులుతుంది, వాన పడితే మళ్ళీ చిగురిస్తుంది. ఆ మట్టిని తవ్విపోస్తే ఉన్నది పోతుంది. పైగా ఈ ఎండలకి మొక్కలు బతికితేనే కదా. హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్డా జిల్లాలో దశాబ్దాల పాటు నాటిన మొక్కల్ని పరిశోధకులు లెక్కగట్టి చూస్తే, అడవి విస్తీర్ణం చెప్పుకోదగ్గంత పెరగనే లేదు. 2021లో ఆ ఫలితం వచ్చింది. వానలు బాగా పడే చోటే అట్లా అయింది.

ఆయన్ని నిజంగా ఆలోచనలో పడేసింది మాత్రం ఈ లెక్కలు కావు, మహారాష్ట్ర సంగతి. ఆశిష్ నేర్లేకర్, దిగ్విజయ్ పాటిల్ అనే ఇద్దరు పరిశోధకులు పాత మరాఠీ కథలు, జానపద పాటలు వెతికి, వాటిలో ఏ చెట్లు, ఏ పొదలు, ఎట్లాంటి నేల ప్రస్తావన ఉందో ఏరారు. పశ్చిమ మహారాష్ట్రలోని గడ్డినేలలు కనీసం 750 ఏళ్ళుగా గడ్డినేలలేనని 2025లో రాశారు. మా సార్ తెలుగు ఎం.ఏ. కుర్చీలో ముందుకి జరిగి, "మన రాయలసీమ పాటలు, కైఫీయతులు (ఊళ్ళ పాత చరిత్ర రాతలు) ఎవరైనా ఇట్లా చూశారా?" అన్నారు. గొర్రెల కాపరుల పాటలు తను సేకరించి పెట్టుకున్న నోట్‌బుక్ ఇంట్లో ఉందట, తెస్తానన్నారు. చాలా సంతోషమేసింది.

చివరికి మొక్కల్ని స్కూల్ ఆవరణలో, ఊరి రోడ్డు పక్కన, పశువుల తొట్టి చుట్టూ నాటాలని ఒప్పుకున్నారు. ఆ చోట్లకి నీడ కావాలి, నీళ్ళు పోసేవాళ్ళూ ఉంటారు. మధ్యాహ్నం నుంచి నాలుగింటి దాకా అందరం అదే పని. నేరేడు మొక్కలన్నీ ఆరో తరగతి వాళ్ళే పట్టుకుపోయారు.

బీడు సంగతి మా చేతిలో లేదు. రికార్డుల్లో అది పోరంబోకు. సోమవారం పిల్లల కాగితాలు పట్టుకుని గ్రామ సచివాలయానికి వెళ్ళాలి. తాత కూడా వస్తానన్నాడు. గుంతలు మాత్రం వెంటనే పూడ్చాలి. తవ్విన వదులు మట్టిలో సర్కారు తుమ్మ ఇట్టే మొలుస్తుంది, గొర్రెలు కాయలు తిని గింజలు మోసుకొస్తాయి. ఒకసారి పాతుకుందంటే పీకడం ఎవరి తరమూ కాదు. కూలి డబ్బులు ఎవరిస్తారని అక్కడ అడుగుతారు. మేమే పూడుస్తామని తొమ్మిదో తరగతి వాళ్ళు అన్నారు. అనుమతి కాగితం మాత్రం నేనే రాయాలి. తీతువు గూడు ఉన్న వైపు చివర్లో పూడ్చాలని అందులో మరిచిపోకుండా పెట్టాలి.