పదో తరగతి మెమో నుంచి లా కాలేజీ దాకా: మా అక్క దరఖాస్తుల కథ

బెంగళూరు మేయో హాల్ కోర్టుల దగ్గర ఒక లాయరు గారి ఆఫీసులో మా అక్క పన్నెండేళ్లకు పైగా టైపిస్టుగా పనిచేస్తోంది. వకాల్తాలు, అఫిడవిట్లు, అద్దె అగ్రిమెంట్లు ఆమె చేతి మీదుగా వెళ్లినన్ని కొత్తగా కోటు వేసుకున్న ప్లీడర్ల చేతి మీదుగా కూడా వెళ్లి ఉండవు. చదువు మాత్రం 1996లో పదో తరగతితో ఆగింది. ఇంటర్లో చేరిన కొన్ని నెలలకే నాన్న మంచాన పడటంతో కాలేజీ మానేసింది. 2021లో, నలభై నిండిన ఏడాది, లా చదువుతానని చెప్పినప్పుడు నాకు తోచిన మొదటి అడ్డంకి వయసు. అందులో నేను పొరబడ్డాను.

లా చదువులకు నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ 2008లో చేసిన నిబంధనల్లో అయిదేళ్ల కోర్సుకు 20, మూడేళ్ల కోర్సుకు 30 ఏళ్ల వయోపరిమితి ఉండేది. దానిపై ఏళ్ల తరబడి వివాదం నడిచింది. తీసేసిన పరిమితిని 2016లో బార్ కౌన్సిల్ మళ్లీ తెస్తే, 2017 మార్చిలో సుప్రీంకోర్టు దాని అమలును నిలిపివేసింది. కాబట్టి నలభై ఏళ్లు ఆమెకు అడ్డు కాలేదు. అడ్డు వచ్చింది చదువుల వరుస. పది, ఇంటర్, డిగ్రీ అనే మెట్లలో ఒకటి లేకపోతే పైమెట్టు చెల్లదు.

ఈ సంగతి తెలియక ముందు మేము ఒక స్టడీ సెంటరుకు వెళ్లాము. బల్ల వెనక కూర్చున్న మనిషి మెమో వైపు చూడనైనా చూడకుండా, "ఇంటర్ ఎందుకమ్మా, పద్దెనిమిది దాటితే చాలు, నేరుగా డిగ్రీ ఇప్పిస్తాం" అన్నాడు. వినడానికి హాయిగానే ఉంది, అడ్వాన్సు కూడా కట్టబోయాము. అయితే అక్క ఊరికే టైపిస్టు కాదు, చదివి టైపు చేసే మనిషి. ఆ సాయంత్రమే ఆఫీసులో బార్ కౌన్సిల్ నిబంధనలు తీసి, అయిదో నిబంధన కింద ఉన్న వివరణ నాకు ఫోన్లో చదివి వినిపించింది. కింది అర్హత ఏదీ లేకుండా సార్వత్రిక విశ్వవిద్యాలయం నుంచి నేరుగా ప్లస్ టూ గాని, డిగ్రీ గాని తెచ్చుకున్నవారు లా కోర్సులో చేరడానికి అనర్హులు అని దాని సారాంశం. దూరవిద్యలోనైనా సరే, వరుసగా చదివినవారికి మాత్రం ఆ అభ్యంతరం లేదు. ఆ మనిషి మాట నమ్మి ఉంటే, లాకు చెల్లని డిగ్రీకి మూడేళ్లు ధారపోసి ఉండేవాళ్లం.

నిజం చెప్పాలంటే, నేరుగా డిగ్రీ అనే మాట గాలిలోంచి పుట్టింది కాదు. విశ్వవిద్యాలయాల చదువులకు ప్రమాణాలు పెట్టే యూజీసీ 1985లో చేసిన నిబంధనలు, 21 ఏళ్లు నిండి పాత చదువు రికార్డు లేనివారు ప్రవేశ పరీక్ష రాసి దూరవిద్యా డిగ్రీలో చేరడానికి అనుమతించాయి. 1982లో హైదరాబాదులో మొదలైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో, అంటే నేటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో, అలా అర్హత పరీక్ష రాసి పట్టా పుచ్చుకున్నవారు మన వైపు ఎందరో ఉన్నారు. అది మంచి ఏర్పాటే అని నేను ఇప్పటికీ అనుకుంటాను. తప్పల్లా ఆ డిగ్రీ ఏ తలుపు తెరుస్తుందో, ఏది తెరవదో చేరేముందు చెప్పని వాళ్లది. డిగ్రీ లేకుండా తెచ్చుకున్న పీజీ విషయంలో సుప్రీంకోర్టు 2009లో అన్నామలై విశ్వవిద్యాలయం కేసులో మరింత కచ్చితంగా మాట్లాడింది. మొదటి డిగ్రీ లేని పీజీ చెల్లదని తేల్చింది.

అందుకని అక్క వెనక్కి వెళ్లి ఇంటర్ మెట్టు ఎక్కింది. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అందరూ ఎన్‌ఐఓఎస్ అనేది, సీనియర్ సెకండరీకి పై వయోపరిమితి పెట్టదు. అయిదేళ్లలో తొమ్మిది సార్లు పరీక్ష రాసే అవకాశం ఇస్తుంది. ఆమె తీసుకున్న అయిదు సబ్జెక్టుల్లో డేటా ఎంట్రీ ఒకటి, న్యాయశాస్త్ర పరిచయం మరొకటి. ఎకౌంటెన్సీ ఒకసారి పోయింది, రెండోసారి గట్టెక్కింది. 2023లో సర్టిఫికెట్ చేతికి వచ్చింది.

ఆ తరువాత ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నోలో బీఏ. దానికీ వయోపరిమితి లేదు, ప్లస్ టూ ఉంటే చాలు, మూడేళ్ల కోర్సును ఆరేళ్లలోపు పూర్తి చేసుకోవచ్చు. అయితే 2024 నుంచి దూరవిద్యలో చేరేవారికి యూజీసీ డెబ్ ఐడీ అనే దూరవిద్యా నమోదు సంఖ్యను తప్పనిసరి చేసింది, దానికి ముందు చదువు క్రెడిట్లు జమయ్యే ఖాతా సంఖ్య, అంటే క్రెడిట్ బ్యాంక్ ఐడీ ఉండాలి, అది ఆధార్‌లోని పేరుతో పుడుతుంది. మా అక్కకు అసలు చిక్కు ఇక్కడ వచ్చింది. పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ముందు ఉంది. ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు పూర్తిగా, అదీ పేరు తరువాత ఉంది. మెమో ఆధారంగా తీయించిన పాన్ కార్డు పెట్టెలో ఉండబట్టి సరిపోయింది. దానిని చూపించి బెంగళూరు వన్ కేంద్రంలో ఆధార్ పేరును మెమోలోని పేరుకు మార్పించాము. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు కనుక, రశీదు తీసుకునే ముందు తెర మీద ఒక్కో అక్షరం వేలు పెట్టి సరిచూసింది. పెద్ద వయసులో చదువుకోదలచిన ఆడవాళ్లు దరఖాస్తు గడువు కంటే నాలుగైదు నెలల ముందే మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి చూసుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

ఇప్పుడు బీఏ రెండో ఏడాదిలో ఉంది. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి డిగ్రీలో జనరల్ అభ్యర్థికి కనీసం 45 శాతం కావాలి, ఆ విషయంలో ఆమెకు బెంగ లేదు. బెంగ ఉన్నది హాజరు గురించి. లా దూరవిద్యలో చదవడం కుదరదు, ప్రతి సబ్జెక్టులో 70 శాతం తరగతులకు హాజరు కావాలి, సాయంత్రం ఏడు దాటాక తరగతులు ఉండవు. మొన్న ఆదివారం కె.ఆర్.పురంలోని వాళ్లింట్లో భోజనాల దగ్గర, "కాలేజీ మధ్యాహ్నానికి అయిపోతే మూడింటి నుంచి ఎనిమిదింటి దాకా టైపు చేస్తానని సార్‌ని అడిగాను" అంది. ఆయన సగం జీతం ఇస్తానన్నారట. "సగమంటే ఎంతో ముందు లెక్క తేల్చమన్నాను తమ్ముడూ" అంటూ పప్పు వడ్డించింది.