మా పాప జన్యుపరీక్ష: మొదటి నివేదిక నుంచి రెండో నివేదిక దాకా

మా పాపకు రెండున్నరేళ్లు నిండేసరికి మూర్ఛకు మూడు రకాల మందులు మార్చి చూశాము. ఎం.ఆర్.ఐ.లో ఏ లోపమూ కనబడలేదు. మెదడు విద్యుత్ తరంగాలను చూసే ఇ.ఇ.జి. పరీక్ష ఒక్కోసారి ఒక్కోలా వచ్చింది. కారణం జన్యువుల్లో ఉండవచ్చని, ఎక్సోమ్ సీక్వెన్సింగ్ (జన్యువుల్లో ప్రొటీన్ల తయారీకి సంబంధించిన భాగాన్ని చదివే పరీక్ష) చేయిద్దామని నరాల డాక్టరుగారు అప్పుడు అన్నారు.

పరీక్షకు ముందు జెనెటిక్ కౌన్సెలర్ గారు దాదాపు గంటసేపు మాతో మాట్లాడారు. మనిషి జన్యుసంపుటిలో సుమారు 300 కోట్ల డి.ఎన్.ఎ. అక్షరాలుంటాయని, ప్రొటీన్ల తయారీకి సంబంధించిన భాగం అందులో ఒకటి రెండు శాతమే అయినా, ఒకే జన్యువు చెడితే వచ్చే జబ్బులకు ఇంతవరకు తెలిసిన కారణాల్లో ఎక్కువ అక్కడే దొరికాయని, అందుకే ముందుగా ఆ భాగాన్ని చదువుతారని వివరించారు. ఏమీ దొరకనంత మాత్రాన జబ్బు జన్యుపరమైనది కాదని అనుకోవద్దని రెండుసార్లు హెచ్చరించారు. అంగీకారపత్రంలో ఒక ప్రశ్న దగ్గర మా కలం ఆగింది: మూర్ఛతో సంబంధం లేని ముప్పు ఏదైనా, పెద్దయ్యాక వచ్చే క్యాన్సరో గుండెజబ్బో, అనుకోకుండా బయటపడితే మాకు చెప్పాలా, వద్దా? చాలాసేపు ఆలోచించి చెప్పమని టిక్కు పెట్టాము.

ఊదారంగు మూత ఉన్న చిన్న గొట్టంలో పాప రక్తం తీశారు. పరీక్ష కోరుతూ నింపే ఫారంలో రోగలక్షణాలు రాయడానికి అరచేయంత గడి ఉంది. హడావుడిలో అందులో 'మూర్ఛ' అన్న ఒక్క మాట రాసి పంపించారు. నేను చూస్తూనే ఉన్నాను, ఏమీ అనలేదు. అలా ఊరుకోవడం మాకు ఎనిమిది నెలలు తినేసింది.

ఏడు వారాలకు నివేదిక వచ్చింది. ఎస్.ఎల్.సి.2ఎ1 అనే జన్యువులో ఒక అక్షరం మారింది. ఆ చోటును యంత్రం 94 సార్లు చదివితే 45 సార్లు మారిన అక్షరం, మిగిలిన సార్లు మామూలు అక్షరం కనబడ్డాయి. అంటే జన్యువు రెండు ప్రతుల్లో ఒకదానిలోనే తేడా ఉందన్నమాట. కానీ కింద 'ప్రాముఖ్యం తేలని మార్పు' అని రాసి ఉంది. 2015 నాటి అమెరికా మార్గదర్శకాలను అనుసరించి మార్పులను హానికరమైనవి మొదలు హాని లేనివి దాకా ఐదు వర్గాలుగా విడదీస్తారు. మాది సరిగ్గా నడిమి వర్గంలో పడింది. ప్రామాణిక క్రమంతో పోల్చితే ఎవరికైనా 40, 50 లక్షల చోట్ల తేడాలుంటాయి కాబట్టి, తేడా కనబడగానే జబ్బు అనడానికి లేదు. ఈ కాగితాన్ని నమ్ముకొని వైద్యం మార్చలేనని డాక్టరుగారు అన్నప్పుడు నాకు కోపం వచ్చింది గానీ, చేతిలో ఉన్న ఆధారాన్ని బట్టి ఆమె అన్నది సబబే.

ఎనిమిదో నెలలో నివేదికను మళ్లీ పరిశీలించడానికి వెళ్లినప్పుడు, ప్రతి ఫిట్సూ రాసిపెట్టుకున్న నా నోటుబుక్కును కౌన్సెలర్ గారు అడిగి తీసుకున్నారు. వేలు పెట్టి సమయాల వరుస చదువుతూ పోయారు: 6:40, 7:05, 6:50. పక్కనే నా రాతలో 'కళ్లు గిరగిరా తిప్పింది, తల కూడా అటే', 'తిన్నాక సర్దుకుంది' అని ఉన్నాయి.

"అమ్మా, ఇవన్నీ పొద్దున్నే, ఏమీ తినకముందేనా?" అని అడిగారు.

రక్తంలోని గ్లూకోజును మెదడులోకి చేరవేసే గ్లట్1 అనే ప్రొటీన్ ఆ జన్యువు వల్లే తయారవుతుందట. అది చాలకపోతే రక్తంలో చక్కెర మామూలుగానే ఉన్నా మెదడు పస్తుంటుంది, పరగడుపున ఆ లోటు మరింత బయటపడుతుంది. ఈసారి ఫారంలో గడి చాలక కాగితం వెనకవైపు కూడా రాశారు. మా ఇద్దరి రక్తమూ పరీక్షిస్తే ఆ మార్పు ఎవరిలోనూ కనబడలేదు. తల్లిదండ్రుల్లో లేని మార్పులు ప్రతి బిడ్డలోనూ కొన్ని పదులు కొత్తగా వస్తాయి గానీ, వాటిలో ఒకటి లక్షణాలకు సరిగ్గా సరిపోయే జన్యువులోనే పడిందంటే దానికి బలం ఎక్కువ.

నిర్ధారణకు పరగడుపున వెన్నునీరు (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం) తీశారు. సూదికి పిల్ల ఏడిస్తే రక్తంలో చక్కెర పెరుగుతుందని రక్తం ముందే తీసుకున్నారు. రక్తంలో డెసిలీటరుకు 90 మిల్లీగ్రాములుంటే వెన్నునీటిలో 33 మాత్రమే ఉంది. మామూలుగా రక్తంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతుల దాకా ఉండాలి. సవరించిన నివేదికలో 'వ్యాధికారకం కావచ్చు' అన్న వర్గం వచ్చింది.

గ్లూకోజుకు బదులు మెదడు కీటోన్లను వాడుకోగలదు, అవి వేరే దారిన లోపలికి వెళతాయి. అందుకని పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు పెంచిన కీటోజెనిక్ ఆహారాన్ని ఆసుపత్రిలో ఉంచి మొదలుపెట్టారు. మూత్రంలో కీటోన్లు చూసే కాగితపు పట్టీ రంగు మారడం కోసం మొదటి వారమంతా నేనూ మావారూ వంతులు వేసుకొని ఎదురుచూశాము. పొద్దుటి ఫిట్సు మూడో వారానికి ఆగిపోయాయి. అప్పటికి రెండు మందులు వాడుతున్నాము. ఒకటి ఆపేశారు, రెండోదాని మోతాదు మెల్లగా తగ్గిస్తున్నారు.