మెషిన్‌కు డబ్బు ఉంది, దాన్ని నడిపే మనిషికి?

పీహెచ్‌డీలో ప్రోటీన్ల కదలికల మీద సిమ్యులేషన్లు నడిపేదాన్ని. మా దగ్గర క్లస్టర్, అంటే చాలా కంప్యూటర్లను కలిపి ఒకే పెద్ద మెషిన్‌లా నడిపే ఏర్పాటు, బాగానే ఉండేది, కానీ దాన్ని చూసుకునే అడ్మిన్ కాంట్రాక్టు అయిపోయి వెళ్లిపోయాక కొత్తవాళ్లను తీసుకోవడానికి ప్రాజెక్టులో డబ్బు లేదన్నారు, అప్పటి నుంచి ఒక నోడ్ (అందులోని ఒక కంప్యూటర్) ఆగిపోతే పట్టించుకునే నాథుడు లేడు, మేం నడపమని ఇచ్చిన జాబులన్నీ క్యూలోనే, థీసిస్ గడువేమో దగ్గర పడుతోంది. ఆ టెన్షన్ మామూలుది కాదు.

2015లో కేంద్రం నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్‌కు ఏడేళ్లకు 4,500 కోట్ల రూపాయలు ఆమోదించింది. దానివల్ల మేలు జరగలేదంటే నేను ఒప్పుకోను. 2019లో ఐఐటీ బీహెచ్‌యూలో పరమ్ శివాయ్ సూపర్‌కంప్యూటర్ మొదలైంది, తర్వాత మన ఐఐటీ హైదరాబాద్‌లో 838 టెరాఫ్లాప్స్ (సెకనుకు 838 లక్షల కోట్ల లెక్కలు) పరమ్ సేవ, బెంగళూరు ఐఐఎస్‌సీలో 3.3 పెటాఫ్లాప్స్ (దానికి దాదాపు నాలుగు రెట్లు) పరమ్ ప్రవేగ వచ్చాయి.

అయితే మెషిన్ కొన్న రోజుతో ఖర్చు ఆగదు. కరెంటు, కూలింగ్ రోజూ కావాలి. వేల కోర్ల (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాల) మీద ఒకేసారి నడిచేలా కోడ్ రాయడం వేరే విద్య, చాలా పాత కోడ్‌లకు కోర్లు పెంచినా వేగం పెరగదు, ఎందుకంటే ప్రాసెసర్లు డేటా కోసం ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ఉండిపోతాయి. అలాంటి కోడ్‌ను సరిచేయగలవాళ్లను ఏడాది కాంట్రాక్టు మీద పెడితే ఎన్నాళ్లుంటారు? ఐటీ కంపెనీ పిలిస్తే వెళ్లిపోతారు, వాళ్లను తప్పుపట్టలేను.

గ్రాంటు కమిటీల్లో కూర్చునే పెద్దలెవరైనా ఇది చదువుతుంటే ఒక్కటే అడుగుతున్నా: మెషిన్ బడ్జెట్‌తో పాటే ఆ మనుషుల జీతాలకూ కనీసం ఐదేళ్లకు డబ్బు కేటాయించండి.