డిసెంబర్ 17కీ జనవరి 14కీ మధ్య

ట్యునీషియాలో "మీ విప్లవం ఎప్పుడు జరిగింది?" అని అడిగితే, ఏ ఊళ్లో అడిగామన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. రాజధాని ట్యూనిస్‌లో జనవరి 14 అంటారు. 23 ఏళ్లు ఏలిన బెన్ అలీ 2011లో ఆ రోజే విమానమెక్కి సౌదీ అరేబియాకి పారిపోయాడు. లోపలి జిల్లాల్లో అడిగితే డిసెంబర్ 17 అంటారు. 2010లో ఆ రోజు సీదీ బూజీద్ పట్నంలో, తోపుడుబండి మీద పండ్లమ్ముకునే మొహమ్మద్ బువాజీజీ అనే 26 ఏళ్ల కుర్రాడు గవర్నర్ ఆఫీసు ముందు ఒంటికి నిప్పంటించుకున్నాడు. రెండు తేదీలకీ మధ్య 28 రోజులే. ఆ నాలుగు వారాలు ఎవరివన్న తగవు మాత్రం పద్నాలుగేళ్లయినా తెగలేదు. ఫిబ్రవరిలో నేను అక్కడ తిరిగినన్నాళ్లూ, టీ కొట్టులో అయినా బండిలో అయినా, ఏ మాట ఎత్తినా చివరికి ఈ తగవు దగ్గరికే వచ్చేది.

నాకు అరబీ రాదు, ఫ్రెంచి అంతంతమాత్రం. అందుకని తెలిసినవాళ్ల ద్వారా ఒక కుర్రాణ్ణి తోడు తీసుకున్నాను. ఇంగ్లీషులో ఎం.ఏ. చేసి, ఉద్యోగం దొరక్క పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటున్నాడు. బెన్ అలీ పోయిన నాటికి హైస్కూలు పిల్లాడు. సొంతూరు కైరవాన్ దగ్గర, ఉంటున్నది ట్యూనిస్‌లో. ఆ లెక్కన రెండు తేదీల్లోనూ అతనికి వాటా ఉంది.

మొదట హబీబ్ బూర్గీబా అవెన్యూకి తీసుకెళ్లాడు. నడుమ రెండు వరసల చెట్లు, చెట్లలో సాయంత్రం చెవులు గింగిర్లెత్తేలా పిట్టల అరుపులు, రెండు పక్కలా కాఫీ హోటళ్లు. 1902 నాటి మున్సిపల్ థియేటర్ మెట్ల మీద కాలేజీ పిల్లలు కూర్చుని కబుర్లాడుకుంటున్నారు. ఏదైనా నిరసన ఉంటే చేరేది కూడా ఈ మెట్ల మీదే. ఇంకాస్త ముందుకెళితే హోం శాఖ భవనం, దాని చుట్టూ ముళ్లకంచె. 2011 జనవరి 14న జనమంతా చేరి "దెగాజ్", అంటే దిగిపో అని అరిచింది ఈ భవనం ముందే. ఫోన్ జేబులోంచి తీయబోతే మావాడు చెయ్యి పట్టుకున్నాడు. ఫొటోలు తీయకూడదట. అవెన్యూ చివర గడియార స్తంభం ఉంది. 1987 నవంబర్ 7న గద్దెనెక్కిన గుర్తుగా బెన్ అలీ ఆ కూడలికి ఆ తేదీనే పేరుగా పెట్టుకున్నాడు. ఆయన పోయాక దాన్ని జనవరి 14 కూడలి చేశారు. ఊరి నడిబొడ్డున రాజధాని వాళ్ల తేదీ అలా పాతుకుపోయింది.

మరో చివర, చర్చికీ ఫ్రెంచి రాయబార కార్యాలయానికీ మధ్య, చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ విగ్రహం ఉంది. ఈ ఊళ్లోనే 1332లో పుట్టినవాడు. రాజవంశాలు మూడు నాలుగు తరాల్లో ముసలివైపోతాయని ఆ కాలంలోనే రాసిపెట్టాడు. తొలి అధ్యక్షుడు బూర్గీబా, ఆయన తర్వాత బెన్ అలీ, ఇద్దరూ కలిసి 54 ఏళ్లు ఏలారు. పెద్దాయన లెక్క మరీ తప్పలేదు.

మధ్యాహ్నం ఒక ఇరుకు సందులో లబ్లబీ తిన్నాం. గిన్నెలోకి నిన్నటి రొట్టెని మనమే తుంచి ఇవ్వాలి. దాని మీద ఉడికిన శనగలూ వేడి వేడి రసమూ పోసి, జీలకర్ర పొడి, ఆలివ్ నూనె, ఒక గుడ్డు, గరిటెడు హరీసా వేసి చేతికిస్తారు. హరీసా అంటే వాళ్ల ఎండుమిర్చి ముద్ద. కొట్టాయన నన్ను చూసి ఆగి, "కారం తట్టుకుంటాడా?" అని మావాణ్ణి అడిగాడు. గుంటూరు గురించి ఆయనకి ఏం చెప్పను? ఇంకో గరిటె వేయించుకున్నాను.

రొట్టె ధర అడిగాను. ప్రభుత్వ రాయితీ మీద అమ్మే బాగెట్ 190 మిలీమ్‌లు, మన డబ్బుల్లో అయిదు రూపాయలు. అన్నిటి ధరలూ పెరిగినా దాని జోలికి ఎవరూ పోరు. 1984 జనవరిలో బూర్గీబా రొట్టె ధర ఒక్కసారిగా పెంచితే దేశమంతా అట్టుడికింది. పదుల్లో జనం చచ్చాక వారం తిరక్కుండానే ఆయన టీవీలో కనిపించి ధర మళ్లీ పాతదే అని చెప్పాల్సి వచ్చింది. ఆ భయం ఇప్పటికీ ఉంది. ధర పెరగదు, సరుకే దొరకదు. 2023లో బేకరీల ముందు తెల్లవారకముందే క్యూలు కట్టారు. పంచదార, పాలు, కాఫీ పొడి వంతులవారీగా మాయమవుతాయి. 190 కోట్ల డాలర్ల అప్పుకి ఐఎంఎఫ్‌తో 2022లో ప్రాథమిక ఒప్పందం కుదిరింది. రాయితీలు కోసే షరతులు ఒప్పుకోనని అధ్యక్షుడు కైస్ సయీద్ తోసిపుచ్చాడు. ఆ విషయంలో మావాడు కూడా ఆయన పక్షమే. "అదొక్కటి కరెక్టే చేశాడు" అన్నాడు, రొట్టె ముక్కతో గిన్నె తుడుస్తూ.

సీదీ బూజీద్‌కి లూఆజ్‌లో వెళ్లాం. ఎర్ర చారల తెల్ల వ్యాన్, ఎనిమిది సీట్లు. టైం టేబుల్ ఏమీ ఉండదు, మన ఊళ్ల షేర్ ఆటోలాగా నిండితేనే కదులుతుంది. కైరవాన్ దాటాక రంగులు మారిపోయాయి. సముద్రం పక్కనున్న ఊళ్లలోని హోటళ్లూ తెల్ల గోడలూ నీలం తలుపులూ పోయి, ఎర్ర మట్టి, బారులు తీరిన ఆలివ్ చెట్లు, చేలకి కంచెగా నాగజెముడు. బాదం చెట్లు పూత మీదున్నాయి. చూడ్డానికి ఎండిన నేలే గానీ బోర్లు వేసి టమాటా, మిర్చి, కూరగాయలు బాగా పండిస్తారు. దేశంలో చాలా ఊళ్లకి కూరగాయలు వెళ్లేది ఇక్కణ్ణుంచే. పండేది ఇక్కడ, డబ్బు చేరేది సముద్రతీరపు వ్యాపారుల దగ్గరికి. 2010 వేసవిలోనే, అంటే బువాజీజీ ఉదంతానికి కొన్ని నెలల ముందే, బ్యాంకు అప్పుల కింద భూములు పోతున్నాయని ఈ జిల్లా రైతులు రోడ్డెక్కారు. అప్పుడు ప్రపంచం పట్టించుకోలేదు.

ఇంకా నైరుతిగా పోతే గఫ్సా, ఫాస్ఫేట్ గనుల ప్రాంతం. ఈ పేరు మనకి పరాయిది అనిపించవచ్చు గానీ, మన రైతు వేసే డీఏపీకి కావాల్సిన ఫాస్ఫారిక్ ఆమ్లం తయారయ్యేది ఇలాంటి రాయి నుంచే. సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న కోరమండల్ కంపెనీ ఇక్కడి స్ఖీరా రేవు దగ్గర పెట్టిన ఆమ్లం ఫ్యాక్టరీలో భాగస్వామిగా చేరింది కూడా. ఆ గనుల దగ్గర 2008లో ఉద్యోగాల జాబితా విడుదలైతే, అయినవాళ్లకే ఇచ్చారని రెదయెఫ్ ఊరు తిరగబడింది. ఆరు నెలలు సాగింది, తుపాకులతో అణిచారు. నా దృష్టిలో విప్లవం అసలు మొదలు అక్కడే. అప్పుడు చేతిలో కెమెరా ఫోన్లు తక్కువ, ఫేస్‌బుక్ ఇంకా పాకలేదు, అంతే తేడా. ఆ లెక్కన డిసెంబర్ 17 కూడా ఆలస్యపు తేదీయే.

సీదీ బూజీద్ పెద్దగా చూడ్డానికేమీ లేని ఊరు. బస్సు దిగే పర్యాటకుడంటూ ఎవరూ కనపడలేదు. పోస్టాఫీసు గోడ మీద అంతెత్తున బువాజీజీ బొమ్మ, ఎండకి వెలిసింది. అక్కడికి దగ్గర్లోనే రాతితో చెక్కిన తోపుడుబండి. దాని పక్క నుంచే అసలు తోపుడుబండ్లు పోతున్నాయి. ఒకదాని మీద బత్తాయిలు, ఇంకోదాని మీద ముల్లంగి, సోంపు దుంపలు. కాటా మాత్రం ఎవరూ పైకి పెట్టలేదు, బండి కిందున్న సంచిలోంచి తీసి తూచి మళ్లీ లోపల పెట్టేస్తున్నారు. ఆ రోజు మున్సిపాలిటీ వాళ్లు బువాజీజీ దగ్గర లాక్కున్నది పండ్లూ, కాటానే.

ఆ కుర్రాడి చుట్టూ చాలా కథలు అల్లుకున్నాయి. డిగ్రీ చదివిన నిరుద్యోగి అని అప్పట్లో మన పేపర్లు కూడా రాశాయి. నిజానికి స్కూలు చదువే పూర్తికాలేదు. మున్సిపల్ ఉద్యోగిని చెంపదెబ్బ కొట్టిందన్నారు. ఆమె కొట్టలేదంది, నెలల తరబడి జైల్లో ఉంచి 2011 ఏప్రిల్‌లో కోర్టు వదిలేసింది. డిసెంబర్ 28న బెన్ అలీ ఆస్పత్రికెళ్లి, ఒళ్లంతా కట్లతో ఉన్న ఆ రోగి మంచం పక్కన నిలబడి ఫొటో దిగాడు. జనవరి 4న బువాజీజీ చనిపోయాడు. తర్వాత పది రోజులకే అధ్యక్షుడు దేశం విడిచాడు.

రాతి బండికి ఎదురుగా సెల్‌ఫోన్ రిపేరు కొట్టు ఉంది. దాని యజమానికి యాభై దాటి ఉంటాయి. "యా హిందీ (ఓ ఇండియావాడా), రా కూర్చో" అని పిలిచి టీ తెప్పించాడు, నల్లగా, పాకంలాగా చిక్కగా. మాట విప్లవం మీదికి మళ్లగానే ఆయన మొహంలో విసుగు. ఏడాదికోసారి డిసెంబర్‌లో విలేఖరులొచ్చి ఇదే బొమ్మ ముందు నిలబడి, "మీ బతుకులు మారాయా?" అని ఇదే ప్రశ్న వేసి పోతారట. కొంతమంది ఊరివాళ్లకి ఆ బొమ్మంటేనే మంట. బువాజీజీ కుటుంబం కూడా ఊరొదిలి చాలాకాలమైంది.

నేను వేరే ప్రశ్న వేశాను. విప్లవ దినాన్ని జనవరి 14 నుంచి డిసెంబర్ 17కి మారుస్తూ 2021లో కైస్ సయీద్ ఉత్తర్వు ఇచ్చాడు కదా, మీ ఊరు పదేళ్లుగా అడిగింది అదే కదా, అన్నాను. ఆయన నవ్వాడు. "ఇచ్చాడు. తేదీకి ఖర్చేముంది?" అన్నాడు. తర్వాత వేళ్లు మడిచి లెక్క చెప్పాడు. అప్పుడు జనం అరిచిన నినాదం ఉద్యోగం, స్వేచ్ఛ, ఆత్మగౌరవం. మొదటిది రాలేదు. రెండోది పదేళ్లు వచ్చింది. మూడోది ఆయన ఎటూ తేల్చలేదు.

ఆ లెక్క అంకెలతోనూ సరిపోతోంది. నిరుద్యోగం 2010లో 13 శాతం, 2024లో 16 దగ్గరుంది. ఆ పోరాటంలో 338 మంది చనిపోయారని విచారణ సంఘం 2012లో తేల్చింది. అమరుల అధికారిక జాబితా గెజెట్‌లో రావడానికి 2021 దాకా పట్టింది, అందులో ఉన్నవి 129 పేర్లు. ఈ మధ్యలో చేసింది తక్కువేం కాదు. 2011 అక్టోబర్‌లో నిజమైన ఎన్నికలు జరిగాయి. ఇస్లామిక్ పార్టీ ఎన్నహ్దా 217లో 89 సీట్లు గెలిచింది. 2013లో ఇద్దరు వామపక్ష నాయకులు షుక్రీ బెలయీద్, మొహమ్మద్ బ్రాహ్మీ హత్యలతో దేశం అంతర్యుద్ధం అంచుకెళ్లింది. ఆ బ్రాహ్మీది ఈ జిల్లానే. బ్రాహ్మీని చంపిన ఆ జూలైలోనే ఈజిప్టులో సైన్యం అధ్యక్షుడు మోర్సీని దించేసింది. ఇక్కడ మాత్రం కార్మిక సంఘం యూజీటీటీ, యజమానుల సంఘం, లాయర్లు, మానవహక్కుల వాళ్లు కలిసి అందర్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఎన్నహ్దా గద్దె దిగింది, 2014లో కొత్త రాజ్యాంగం వచ్చింది, ఆ నలుగురికీ 2015లో నోబెల్ శాంతి బహుమతి దక్కింది. లిబియా, సిరియా, యెమెన్ తగలబడుతున్న రోజుల్లో ఇది మామూలు విషయం కాదు. సైన్యం చిన్నది, రాజకీయాల్లో వేలు పెట్టే అలవాటు లేనిది. కార్మిక సంఘమేమో 1946 నుంచి ఊరూరా వేళ్లూనుకున్నది. ఆ రెండూ లేకపోతే ఇదీ ఇంకో ఈజిప్టే అయ్యేది.

కానీ ఆ బల్ల దగ్గర రాజ్యాంగం గురించి మాట్లాడుకున్నారు, ఉద్యోగం గురించి మాట్లాడలేదు. ప్రభుత్వాలు ఏడాదికొకటి మారాయి. 2021 వేసవిలో కోవిడ్‌తో ఆస్పత్రుల్లో ఆక్సిజన్ లేక జనం చస్తుంటే పార్లమెంటులో ఎంపీలు కొట్టుకున్నారు. జూలై 25 రాత్రి కైస్ సయీద్ పార్లమెంటుని స్తంభింపజేస్తే, వీధుల్లో హారన్లు కొట్టి పండగ చేసుకున్నారు. ఫోన్ల కొట్టాయనా వాళ్లలో ఒకడే. "ఆ రాత్రి నేనూ బండేసుకుని తిరిగాను" అని దాచకుండా చెప్పాడు. మావాడికి అక్కడ కోపమొచ్చింది. ఇద్దరూ అరబీలో గట్టిగా వాదించుకున్నారు, నాకు అనువాదం చేసేవాడు లేకుండా పోయాడు. తర్వాత తెలిసింది: మీకు ఒక తేదీ పడేసి మా ఓటు పట్టుకుపోయాడని ఇతను, పదేళ్లు మీ రాజధాని వాళ్లు ఓట్లేసుకుని మాకేం ఒరగబెట్టారని ఆయన.

తిరిగొచ్చాక చివరి రోజు బార్దో మ్యూజియానికి వెళ్లాం. రోమన్ల నాటి మొజాయిక్ బొమ్మలకి పెట్టింది పేరు. 2015 మార్చిలో ఉగ్రవాదులు ఇక్కడే విదేశీ యాత్రికుల్ని కాల్చి చంపారు. దాని పక్క భవనమే పార్లమెంటు. అందుకే 2021 జూలైలో పార్లమెంటు గేటుకి సైనిక వాహనాలు అడ్డం పెట్టినప్పుడు మ్యూజియం కూడా మూతపడింది, 2023 సెప్టెంబర్ దాకా తెరవలేదు. ఇప్పుడున్నది కొత్త పార్లమెంటు. 2022 డిసెంబర్‌లో దానికి ఓటేసింది నూటికి 11 మంది. 2024 అక్టోబర్ అధ్యక్ష ఎన్నికల్లో సయీద్‌కి 90 శాతం పైగా వచ్చింది, ఓటేయడానికి వచ్చింది 29 శాతం లోపే. ఆయన మీద పోటీకి అనుమతి దొరికిన ఇద్దరిలో అయాషీ జమ్మెల్ అప్పటికే జైల్లో ఉన్నాడు. ఎన్నహ్దా నాయకుడు రషీద్ గన్నూషీని 2023లోనే లోపలేశారు. తప్పుడు వార్త రాస్తే అయిదేళ్లు జైలు అనే డిక్రీ 54 ఉంది, ఏది తప్పుడు వార్తో తేల్చేది సర్కారే. అందుకే ఈ రాతలో నాతో మాట్లాడినవాళ్లెవరి పేరూ రాయలేదు.

గేటు దగ్గర కాపలా పోలీసుల్ని చూస్తూ, మీ నియోజకవర్గం ఎంపీ ఎవరని అడిగాను. మావాడు కాసేపు ఆలోచించి ఫోన్ తీసి వెతికాడు. పేరు దొరికింది, ఎప్పుడూ వినలేదన్నాడు. అతని జర్మనీ వీసా ఇంటర్వ్యూ వచ్చే నెలలో ఉంది.